ప్లగ్గు పీకినా పోని ఉసురు

ప్లగ్గు పీకేస్తే వస్తువులో కరెంటు పోయినట్టేనని మన ఇళ్లల్లో అందరికీ ఒక నమ్మకం. ఇస్త్రీపెట్టెకీ మిక్సీకీ ఆ మాట చాలామటుకు చెల్లుతుంది. టీవీకి, కంప్యూటర్‌కి, పాత వీసీఆర్‌కి చెల్లదు. వాటి లోపల ఉండే పవర్ సప్లై, రిపేరు షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారే, అది గోడ నుంచి ప్లగ్గు ఊడొచ్చాక కూడా 300 వోల్టులు కడుపులో పెట్టుకుని కూర్చోగలదు. అందులోనూ పనిచేసే సప్లై కన్నా పాడైపోయిన సప్లై ఎక్కువసేపు పెట్టుకుని ఉంటుంది. చచ్చింది కదా అని చెయ్యి పెట్టేవాళ్లకే దెబ్బ తగిలేది.

కిందటి వేసవిలో తిరుత్తణి ఇంట్లోని వీసీఆర్ బాగుచేసి, అవ్వ ఉన్న క్యాసెట్లు ఆడించి, ఆ ముక్కలు అందరికీ వాట్సాప్‌లో పంపాను. అప్పటి నుంచి హోసూరు, బెంగుళూరు, ఇంకా దూరం నుంచి కూడా ఒకటే ప్రశ్న. "మా అటక మీద కూడా ఒకటుంది, ఎట్లా విప్పాలి?" ఫోన్లో చెప్తే సగమే గుర్తుంటుంది. ఆ సగంలో ఎప్పుడూ జాగ్రత్తల ముక్క ఉండదు. అందుకని రాసి పెడుతున్నా.

ఒక పాత పెట్టె కోసం ఇంత అవస్థ ఎందుకు అనేవాళ్లకి ముందు ఒక మాట. అవ్వ కాపురానికి వచ్చినప్పుడు తిరుత్తణి ఆంధ్ర రాష్ట్రంలో, చిత్తూరు జిల్లాలో ఉండేది. 1956 నవంబరులో ఆ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి పోయింది. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు అయింది. 1997లో జిల్లా తిరువళ్లూరు అయింది. ఇన్ని మారినా అవ్వ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు, ఆమె మాటా మారలేదు. చిత్తూరు తెలుగులో అరవం ఎక్కడ కలుస్తుందో అతుకు కనపడని మాట అది. నేను ఎంత ప్రయత్నించినా రాతలో ఆ సాగదీత రాదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక ఇక్కడి బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మా ఇంటి పిల్లలకి తెలుగు చెవికి ఎక్కింది కానీ కంటికి ఎక్కలేదు. వాళ్లకి ఈ బ్లాగు కన్నా అవ్వ గొంతే ఎక్కువ పనికొస్తుంది. ఆ గొంతు మిగిలింది ఐదు వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో, అంతే. మొదటిది 1993లో తాత షష్టిపూర్తికి తీసింది.

కంప్యూటర్ సప్లై పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. వీసీఆర్‌కి ఆ దారి లేదు. చివరిదాకా తయారు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయి కూడా 2016 జులైలో ఆపేసింది. చెన్నైలో రెండు షాపుల వాళ్లు "వీసీఆర్" అన్న మాట వినగానే తల అడ్డంగా ఊపారు. ఇక మిగిలింది విప్పి చూడటమే.

విప్పే ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. పాత వాల్వు రేడియోల్లో ఇనుపరేకుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉండేది, ఒంటి చేత్తో ఎత్తితే మణికట్టు లాగేది. గోడలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంత నిదానంగా ఊగే కరెంటు నుంచి పని రాబట్టాలంటే అంత ఇనుమూ కావాలి. ఎస్‌ఎంపీఎస్ వేరే ఉపాయం పట్టుకుంది. వచ్చిన కరెంటును తగ్గించకుండానే నాలుగు డయోడ్ల బ్రిడ్జితో డీసీగా మార్చి, ఒక లావుపాటి కెపాసిటర్‌లో నింపుకుంటుంది. తర్వాత ఒక స్విచ్ ట్రాన్సిస్టర్ ఆ డీసీని సెకనుకు వేల, పదివేల సార్లు తెంపుతూ కలుపుతూ చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. గంగాళంతో నాలుగుసార్లు మోసే నీళ్లు చెంబుతో గబగబా నాలుగొందల సార్లు పోసినట్టు. చెంబు చిన్నది కాబట్టి పెట్టె తేలికైంది. 1977లో వచ్చిన యాపిల్ టూ కంప్యూటర్‌కి రాడ్ హోల్ట్ ఇట్లాంటి సప్లైనే కట్టాడు. తర్వాత అది మన టీవీల్లోకి, వీసీఆర్లలోకి, చివరికి ఫోన్ చార్జర్‌లోకి కూడా వచ్చింది.

ఇప్పుడు ఆ లావు కెపాసిటర్ సంగతి. గోడలో 230 వోల్టులు అంటాం కానీ ఆ ఊపులో పైకొన 325 దాకా పోతుంది, 230ని 1.414తో గుణిస్తే వచ్చే లెక్క. కెపాసిటర్ ఆ కొన దాకా నిండుతుంది. వీసీఆర్‌లోది 100 మైక్రోఫారడ్‌లది. 325 వోల్టుల దగ్గర అందులో ఐదు జౌళ్లకు పైగా శక్తి ఉంటుంది, అంటే కిలో బెల్లం దిమ్మ అర మీటరు ఎత్తు నుంచి పడ్డంత. వినడానికి తక్కువే. కానీ ఆ దెబ్బ ఒక చేతిలోంచి ఎక్కి, గుండె పక్కగా పోయి, ఇంకో చేతిలోంచి దిగితే తక్కువ కాదు. కంప్యూటర్ సప్లైలో అంతకు రెండింతలు కూడా ఉండొచ్చు.

సప్లై పనిచేస్తూ ఉంటే ప్లగ్గు పీకిన కాసేపటికే ఆ నిల్వను పెట్టె తనే తాగేస్తుంది. దీపం ఆరిపోతుంది, కెపాసిటర్ ఖాళీ అవుతుంది. సప్లై పాడై అసలు మొదలే కాకపోతే తాగేవాళ్లెవరు? నిండిన బిందె నిండినట్టే ఉంటుంది. కొన్ని కంపెనీలు దాన్ని మెల్లగా ఖాళీ చెయ్యడానికి కెపాసిటర్‌కి అడ్డంగా ఒక రెసిస్టర్ పెడతాయి. అది అన్నిట్లో ఉండదు, ఉన్నా తెగిపోయి ఉండొచ్చు. ఐదు నిమిషాలు ఆగితే చాలని చాలామంది చెప్తారు. ఆగడం మంచిదే, కానీ నమ్మాల్సింది గడియారాన్ని కాదు, మీటర్‌ని.

ఈ పాఠం నాకు మొదట చెప్పింది మా పెద్దమామ. తిరుత్తణిలో రేడియోలు బాగుచేసేవాడు. వాల్వు రేడియోల్లో కూడా 250 వోల్టుల డీసీ ఉండేది. ఎవరైనా తొందరపడి చెయ్యి పెట్టబోతే, "ఉండరా, దాని ఉసురు ఇంగా పోలేదు" అనేవాడు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పనిచెయ్యాలని రిపేరు వాళ్లల్లో పాత నియమం. లుంగీకి జేబెక్కడిది? ఆయన ఎడమచెయ్యి వెనక్కి మడిచి నడుం మీద పెట్టుకునేవాడు. దూరం నుంచి చూసేవాళ్లకి పెద్దరికంగా నిలబడ్డట్టు కనపడేది. కరెంటుకి రెండో చెయ్యి అందకుండా చేస్తే గుండె మీదుగా దారి ఉండదు, అదీ అసలు సంగతి.

సరే, పని. ఉంగరం, గొలుసు, గడియారం తీసెయ్యాలి. పొడి నేల, కాళ్లకి రబ్బరు చెప్పులు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని వద్దు. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి మెయిన్ స్విచ్ చూపించాను. నాకేమైనా అయితే నన్ను పట్టుకోకూడదు, ముందు అది దించాలి అని రెండుసార్లు చెప్పించుకున్నా. "సరే నాయనా, తెల్సింది" అని విసుక్కుంది. విసుక్కున్నా పర్లేదు.

స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పూర్తిగా పీకాలి. మన బోర్డు స్విచ్ ఒక తీగనే తెంచుతుంది. పాత ఇళ్లల్లో ఏ తీగ ఫేజో, ఏది న్యూట్రలో వైరింగ్ చేసినవాడికే గుర్తుండదు. పైగా రెండు పిన్నుల ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. స్విచ్ ఆపినా ఫేజు లోపలికి వచ్చి కూర్చునే వీలుంది.

తర్వాత, టెస్టర్‌ని నమ్మొద్దు. స్క్రూడ్రైవర్ లాంటి ఆ టెస్టర్ ఫేజు తీగకీ భూమికీ మధ్య మన ఒంటి మీదుగా పోయే కాసింత కరెంటుతో వెలుగుతుంది. ప్లగ్గు పీకిన సప్లైలో కెపాసిటర్‌కి భూమితో సంబంధం లేదు, కాబట్టి అందులో 300 వోల్టులున్నా టెస్టర్ వెలగకపోవచ్చు. మల్టీమీటర్‌ని డీసీ 600 లేక 1000 వోల్టుల మీద పెట్టి కెపాసిటర్ రెండు కాళ్ల మధ్యే చూడాలి. మీటరు తీగల తొడుగులు చీలి ఉంటే ముందు అవి మార్చాలి. అంతకు ముందు ఆ మీటరు బాగానే ఉందో లేదో తెలిసిన బ్యాటరీ మీద ఒకసారి చూసుకోవాలి. సున్నా చూపించే చెడిపోయిన మీటరు కన్నా మీటరు లేకపోవడమే నయం.

వోల్టులు ఉంటే దింపాలి. చాలామంది స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పున పేల్చేస్తారు. ఆ నిప్పురవ్వకి మొన కరుగుతుంది, బోర్డు మీద రాగిగీత లేస్తుంది, కంట్లోకి లోహం ఎగరొచ్చు. నేను 2.2 కిలో ఓముల, పది వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా తొడుగున్న తీగలు, క్లిప్పులు కట్టి పెట్టుకున్నా. దాన్ని ఒక చేత్తో ఆనిస్తే ఆ కెపాసిటర్ రెండు సెకన్లలో ఖాళీ. నేను ఐదు దాకా లెక్కపెట్టి, తీసి, మళ్లీ మీటరు పెట్టి చూస్తా. పెద్ద కెపాసిటర్లు ఖాళీ చేసినా కాసేపటికి కొంచెం వోల్టేజి తిరిగి తెచ్చుకుంటాయి, అందుకని పనిచేసినంతసేపూ మధ్యమధ్యలో చూస్తూ ఉండాలి.

ఇంతా చేసి మూత తీస్తే మొదట కనపడింది ఎండిపోయిన బల్లి ఒకటి, చీమల మట్టి కొంచెం. ఊళ్లల్లో సగం రిపేర్లకి ఇవే కారణమంటే నవ్వకండి. మెత్తటి కుంచెతో అంతా దులిపి, ముందు కళ్లతో, ముక్కుతో చూశా. కెపాసిటర్ల తలలు ఉబ్బలేదు. హీట్ సింక్ పక్కన బోర్డు కొంచెం గోధుమరంగుకి తిరిగింది. తిరుత్తణి ఎండలు మీకు తెలుసు కదా, మే నెలలో వాతావరణ వార్తల్లో ఆ పేరు వినపడని ఏడాది తక్కువ. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల తడి ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు ఉండేది 65 డిగ్రీల దగ్గర 32000 గంటలు వస్తుంది. కొండ కింద రేకుల మిద్దెలో, చెక్క స్టాండులో, పైన లేసు గుడ్డ కప్పి పెట్టిన పెట్టెకి ఎంత ఆయుష్షు ఉంటుందో మీరే లెక్క కట్టుకోండి. (ఆ లేసు గుడ్డలు అత్త చేతితో అల్లినవి. అందంగానే ఉంటాయి. గాలి రంధ్రాల మీద మాత్రం వద్దు.)

తర్వాత కరెంటు లేకుండానే మీటరుతో చూడాల్సినవి. మొదట ఫ్యూజు. గాజు ఫ్యూజు ఒక్కోసారి ఊరికే వయసుకి తెగుతుంది, అప్పుడు గాజు తేటగా ఉంటుంది. గాజు లోపల నల్లగానో, అద్దంలా వెండి పూసినట్టో ఉంటే లోపల ఎక్కడో షార్టు. ఫ్యూజు మార్చినా మళ్లీ పోతుంది, ముందు షార్టు వెతకాలి. మా ఫ్యూజు బాగానే ఉంది. బ్రిడ్జిలో నాలుగు డయోడ్లూ ఒకవైపు 0.5, 0.6 చూపించి రెండోవైపు ఏమీ చూపించలేదు, అంటే మంచివే. స్విచ్ ట్రాన్సిస్టర్ కూడా షార్టు కాలేదు. అంతవరకు చూస్తే ఏ జబ్బూ లేదు, కానీ పెట్టె లేవట్లేదు.

ఇక కరెంటు పెట్టక తప్పదు, నేరుగా మాత్రం కాదు. ఏళ్ల తరబడి ఊరికే పడున్న కెపాసిటర్‌లో లోపలి పొర పలచబడి ఉంటుంది, ఒక్కసారిగా 325 వోల్టులు పోస్తే పగలొచ్చు. దీనికి మన ఎలక్ట్రీషియన్ల సిరీస్ బోర్డు ఉంది. చెక్క మీద ఒక బల్బు హోల్డరు, ఒక సాకెట్టు, ఫేజు తీగ బల్బు గుండా పోయేట్టు. 60 వాట్ల పాత తీగ బల్బు కావాలి, ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. తిరువళ్లూరులో మూడు షాపులు తిరిగితే వీరరాఘవస్వామి గుడి వీధిలో ఒకాయన పాత సరుకులోంచి దుమ్ము తుడిచి ఇచ్చాడు. సప్లైలో షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలిగి అట్లాగే ఉంటుంది, వెంటనే పీకెయ్యాలి. ఒక్కసారి మెరిసి ఆరిపోతే కెపాసిటర్ నిండింది, షార్టు లేదని అర్థం.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. సిరీస్ బల్బు కాపాడేది వస్తువుని, మనిషిని కాదు. 60 వాట్ల బల్బు గుండా పావు ఆంపియర్‌కి పైగా పోతుంది, మనిషిని తీసుకుపోవడానికి అందులో పదోవంతు చాలు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఫేజుకీ భూమికీ మధ్య తగిలిన షాకుని అది తెంచుతుంది. కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య చెయ్యి పెడితే మాత్రం అది చూస్తూ ఊరుకుంటుంది. అందుకని ప్లగ్గు పెట్టకముందే మీటరు క్లిప్పులు కెపాసిటర్ కాళ్లకి తగిలించేసి, తర్వాత కరెంటు పెట్టి, చేతులు దూరంగా ఉంచి చూడాలి. కరెంటు ఉన్నప్పుడు లోపల చెయ్యి కదిలించకూడదు.

బల్బు మెరిసి ఆరింది. మీటరు 317 చూపించింది. సెకండరీ వైపు మాత్రం అన్నీ సున్నాలే. ప్లగ్గు పీకేశా. మీటరు చూస్తూ కూర్చున్నాం. 310, 305... పది నిమిషాలకి కూడా 200 పైనే ఉంది. అమ్మాయి అప్పుడు విసుక్కోలేదు.

ఆ మొండితనమే జబ్బు ఎక్కడుందో కూడా చెప్పింది. సప్లై మొదలవ్వాలంటే లోపలి ఐసీకి తొలి గుక్క కరెంటు కావాలి. దాన్ని ఆ 325 వోల్టుల నుంచి ఒక పెద్ద విలువ రెసిస్టర్ చుక్కచుక్కగా ఇస్తుంది. ఆ చుక్కలు ఒక చిన్న కెపాసిటర్‌లో పోగవుతాయి, అది నిండగానే ఐసీ లేస్తుంది. రెసిస్టర్ బాగుంటే, ప్లగ్గు పీకాక పెద్ద కెపాసిటర్ దాని గుండా ఒకటి రెండు నిమిషాల్లో చాలావరకు ఖాళీ అవ్వాలి. అవ్వట్లేదంటే ఆ దారే తెగి ఉండాలి. కెపాసిటర్‌ని రెసిస్టర్‌తో దింపి, మీటరు సున్నా చూపించాక, ఆ రెసిస్టర్ మీద చూశా. పసుపు, ఊదా, పసుపు, అంటే 470 కిలో ఓములు. మీటరు అసలేమీ చదవలేదు. బోర్డు మీద ఉండగా కొలిస్తే పక్కదారుల వల్ల విలువ తక్కువ కనపడొచ్చు కానీ ఎక్కువ కనపడదు. ఎక్కువ కనపడిందంటే అది పోయినట్టే, పీకి చూడక్కర్లేదు.

పక్కన ఉన్న చిన్న కెపాసిటర్, 47 మైక్రోఫారడ్‌లది, హీట్ సింక్‌కి ఆనుకుని ఉంది. పీకి కొలిస్తే పదో వంతు కూడా మిగల్లేదు. ఇది తెలుసుకుంటే మన ఇళ్లల్లో చాలా పెట్టెల జబ్బు తెలిసినట్టే. "కరెంటు పోయేదాకా బాగానే ఉండింది, వచ్చాక లేవలేదు" అంటారు కదా, అది ఇదే. నడుస్తున్నంతసేపు ఐసీకి ట్రాన్స్‌ఫార్మర్ నుంచే తిండి వస్తుంది, ఎండిపోయిన కెపాసిటర్‌తోనే ఈడుస్తుంది. ఒక్కసారి ఆగితే మళ్లీ లేవడానికి ఆ గుక్క చాలదు. కరెంటు కోతల రోజుల్లో ఎన్ని టీవీలు "కరెంటు దెబ్బకి పోయాయి" అనుకుని పాత సామాన్లవాడికి పోయాయో, అందులో కొన్నైనా ఈ చిన్న కెపాసిటర్ దగ్గరే ఆగి ఉంటాయి.

సామాన్లకి రైలెక్కి సెంట్రల్లో దిగి, మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌కి పోయా. 470 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి పెట్టకుండా 220 కిలో ఓములవి రెండు, అర వాట్‌వి, వరసగా పెట్టా. చిన్న రెసిస్టర్లకి వేడే కాదు, వోల్టేజికి కూడా హద్దు ఉంటుంది, పావు వాట్‌దైతే చాలావరకు 250 వోల్టులు. 325 ఒక్కదాని మీదే పడితే ఏళ్లు గడిచాక తెగుతుంది. ఇద్దరు పంచుకుంటే తేలిక. కెపాసిటర్ 105 డిగ్రీలది, 50 వోల్టులది. ఎటు ప్లస్సో ఎటు మైనస్సో పీకే ముందే ఫోటో తీసి పెట్టుకున్నా. సెకండరీ వైపు వేడి తగిలే చోట ఉన్న రెండు కెపాసిటర్లు కూడా మార్చేశా, మిగతావి ముట్టుకోలేదు. అన్నీ మార్చెయ్యాలనే ఉబలాటం కొందరికి ఉంటుంది. పాత బోర్డు మీద ప్రతి సోల్డరింగూ రాగిగీతకి ఒక పరీక్ష, అవసరం లేని చోట ఎందుకు?

మార్చకూడని చోట్లు కూడా ఉన్నాయి. ప్రైమరీకి, సెకండరీకి మధ్య నీలంగా, చిన్న పొప్పడం బిళ్లలా ఒక కెపాసిటర్ ఉంటుంది, దాని మీద వై1 అనో వై2 అనో రాసి ఉంటుంది. రెండు పిన్నుల పెట్టె లోహం మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్మంటుంది చూశారా, అది చాలాసార్లు దీని గుండా వచ్చే కాసింత కరెంటే. ఇది చెడినా షార్టు కాకుండా ఉండేట్టు కడతారు. దీని చోట చేతికి దొరికిన మామూలు కెపాసిటర్ పెడితే అది షార్టయిన రోజు గోడలోని కరెంటు పెట్టె పైకి వచ్చేస్తుంది. గోడ వైపు ఉండే ఎక్స్2 కెపాసిటర్‌దీ ఇదే సంగతి. మారిస్తే అదే తరగతిది పెట్టాలి, లేకపోతే ముట్టుకోకూడదు.

అంతా అయ్యాక కూడా సప్లైని వీసీఆర్‌కి తగిలించలేదు. అది పిచ్చి వోల్టేజి ఇస్తే లోపలి ఐసీలు పోతాయి, అవి ఇక దొరకవు. 12 వోల్టుల వైపు బైకు ఇండికేటర్ బల్బు ఒకటి, 5 వోల్టుల వైపు పది ఓముల ఐదు వాట్ల రెసిస్టర్ ఒకటి బరువుగా కట్టి, సిరీస్ బోర్డు మీద పెట్టా. గోడ వైపు బల్బు మెరిసి మసకబారింది, ఇటువైపు ఇండికేటర్ బల్బు వెలిగింది. 12.1, 5.0. అరగంట అట్లాగే ఉంచి, పీకి, కెపాసిటర్ చూస్తే ఈసారి అప్పటికే ఖాళీ. అప్పుడే వీసీఆర్‌కి కలిపాను. క్యాసెట్లలో ఒకదానికి తెల్లటి బూజు పట్టింది, దాన్ని పక్కన పెట్టి నాలుగు ఆడించి కంప్యూటర్‌లోకి ఎక్కించా. అందులో అవ్వ పాడింది తక్కువ, వంటమనిషిని కేకలేసింది ఎక్కువ. పిల్లలకి ఆ కేకలే నచ్చాయి.

ఇప్పుడు అడుగుతున్నవాళ్లకి. సెట్‌టాప్ బాక్సుది, రూటర్‌ది, ల్యాప్‌టాప్‌ది అడాప్టర్ పోతే విప్పొద్దు, బీఐఎస్ గుర్తున్నది కొత్తది కొనండి. వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతో ఎక్కువో ఉండాలి, పిన్నులో ప్లస్సు లోపలో బయటో సరిపోవాలి. కంప్యూటర్ సప్లై కూడా అంతే, బజారులో దొరికేదాన్ని ప్రాణం పెట్టి బాగుచెయ్యక్కర్లేదు. ఇంకోటి దొరకని పెట్టె అయితేనే ఈ పని. అప్పుడు కూడా మీటరు వాడటం అలవాటు లేకపోతే పక్కన తెలిసినవాళ్లని కూర్చోబెట్టుకోండి.

చిన్నాయన పంపిన రెండో వీసీఆర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నేను బాగుచెయ్యలేదు. అందులో ఫ్యూజు చోట ఎవరో ఒక రాగిపోగు చుట్టి పెట్టారు. ఫ్యూజు తెగాల్సిన చోట తెగలేదు కాబట్టి బ్రిడ్జి కాలి, ప్రైమరీకి సెకండరీకి మధ్య బోర్డు బొగ్గయింది. బొగ్గు కరెంటుని మోస్తుంది. పైకి సామాన్లు ఎన్ని మార్చినా ఆ బోర్డు మీద రెండు వైపుల మధ్య అడ్డుగోడ లేనట్టే. చిన్నాయన రెండుసార్లు ఫోన్ చేసి "కొంచెం చూడరాదా" అన్నాడు. వద్దు చిన్నాయనా, క్యాసెట్లు మా దగ్గరికి పంపండి అన్నా. దాని రబ్బరు బెల్టు, పించ్ రోలర్ మాత్రం తీసి మా వీసీఆర్‌కి దాచుకున్నా. కాలిన సప్లై బోర్డుకి పెద్ద కెపాసిటర్‌ని దింపి, మళ్లీ వోల్టులు తెచ్చుకోకుండా రెండు కాళ్లకీ కలిపి ఒక తీగ సోల్డర్ చేసి, ఈ-వేస్టు తీసుకునేవాళ్లకి ఇచ్చేశాను.